ఇంజన్ కవర్ మూసేముందు

హనుమకొండలో, సొంత బండి పని సొంతంగా చేసుకునే యువకుల ముందు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. ఎండ ముదరకముందే ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. మీలో చాలామంది పరకాల నుంచో, నర్సంపేట నుంచో, స్టేషన్ ఘనపూర్ నుంచో రోజూ బండి మీద వచ్చిపోయేవాళ్లు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లే ఎక్కువ. క్లచ్ ప్లేట్లు మార్చడం, టైమింగ్ చైను చూసుకోవడం ఇంట్లోనే చేసుకుంటున్నారు. మంచి పని. అయితే పనంతా సరిగ్గా చేసి, కవర్ మూసి పడుకుంటే, తెల్లారేసరికి బండి కింద రూపాయి బిళ్లంత నూనె మరక కనపడుతుంది. ఇవాళ ఆ మరక గురించే మాట్లాడతాను.

నేను వృత్తిరీత్యా మెకానిక్‌ను కాను. బడిలో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. కానీ ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో, చుట్టాలిళ్లలో ఏ బండి ఇంజనైనా నా చేతులతోనే విప్పి బిగిస్తున్నాను. నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

ఒక ఆదివారం మా బావ బండికి క్లచ్ ప్లేట్లు మార్చాను. కవర్ తీసేటప్పుడు పాత ప్యాకింగ్, అంటే కవర్‌కూ ఇంజన్‌కూ నడుమ పెట్టే పల్చటి కాగితం పొర, చిరిగింది. కొత్తది కొందామంటే షాపులు బంద్. ఇంట్లో సిలికాన్ గమ్ము ట్యూబు ఉంది కదా అని కవర్ చుట్టూ వేలు మందాన పట్టించి బిగించాను. బయటికి ఒక్క చుక్క రాలేదు. బావ ఎంతో మురిసిపోయాడు. నెలన్నర తర్వాత అక్కను ఎక్కించుకుని మేడారం పోతుంటే, ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి రాగానే ఇంజన్ హెడ్డులోంచి టకటకమని చప్పుడు. కాసేపటికి బండి ఆగిపోయింది. ఆ దారిలో ఇద్దరూ రెండు గంటలు బండి నెట్టుకుంటూ నడిచారు. తర్వాత విప్పి చూశాను. నూనె పంపుకు ముందుండే జాలీకి ఎర్రటి సిలికాన్ తీగలు సేమ్యా లెక్క చుట్టుకుని ఉన్నాయి. పైకి నూనె అందలేదు. హెడ్డులో వాల్వులను ఆడించే క్యామ్ షాఫ్ట్ అరిగిపోయింది, రాకర్ ఆర్ములు వేడికి నీలం తిరిగాయి. బయటికి కారడం లేదని సంతోషపడ్డానే గానీ, బయటికి ఎంత పిండుకొచ్చిందో లోపలికి కూడా అంతే పోయి ఉంటుందని ఆలోచించలేదు. అక్క ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

అందుకే చెప్తున్నాను. నూనెను ఆపేది గమ్ము కాదు, మన చేతి బలమూ కాదు. కవర్ ముఖం, ఇంజన్ ముఖం రెండూ శుభ్రంగా, సమంగా ఉండాలి. చుట్టూతా ఒకే రకంగా ఒత్తిడి పడాలి. ఈ రెండూ కుదిరితే పల్చటి కాగితం ప్యాకింగే నూనెను ఏళ్లపాటు ఆపుతుంది.

ఒత్తిడి సంగతి చూద్దాం. బోల్టు బిగిస్తే దాని తల కింద ఒత్తిడి చాలా ఎక్కువ. దూరం పోయిన కొద్దీ తగ్గుతుంది. రెండు బోల్టుల నట్టనడుమ అన్నిటికంటే తక్కువ. లీకు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. అది చూసి మనవాళ్లు "ఇంకో చుట్టు గట్టిగ బిగియ్యి" అంటారు. కవర్ అల్యూమినియం. ఇంకా బిగిస్తే బోల్టు దగ్గర దిగిపోతుంది, నడుమ విల్లులా పైకి లేస్తుంది. లీకు ఆగకపోగా పెరుగుతుంది. ఆపైన ఇంజన్‌లో బోల్టు పట్టుకునే థ్రెడ్డు, అంటే మర, పోతుంది. చాలా బండ్ల కవర్లకు ఉండేవి 6 మిల్లీమీటర్ల బోల్టులు, తల 8 నంబరు పానాది. వాటికి మాన్యువల్‌లో రాసేది సుమారు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు. అంటే పది సెంటీమీటర్ల పానా కొసకు పది, పన్నెండు కిలోల బరువు వేలాడదీసినంత. అంతే. పొడుగు రాడ్డు వేసి ఊగాల్సిన పని లేదు. టీ పానా అయితే రెండు వేళ్లతో తిప్పి, అది ఆనిన తర్వాత మణికట్టుతో కొంచెం. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ పానా కొనగలిగితే కొనండి. నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.

విప్పేటప్పుడే సగం పని అయిపోతుంది. అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడ గుచ్చండి. బోల్టుల పొడవులు వేరువేరు. పొడుగుది పొట్టి రంధ్రంలో పెడితే అడుగు తాకి బిగిసినట్టే ఉంటుంది, కవర్ మాత్రం వదులుగానే ఉంటుంది. పొట్టిది లోతు రంధ్రంలో పెడితే రెండు మూడు చుట్లే పట్టుకుని మర ఊడివస్తుంది. మళ్లీ పెట్టేటప్పుడు ఒక గుర్తు చెప్తాను. అన్ని బోల్టులూ రంధ్రాల్లోకి దూర్చి తిప్పకుండా వదిలేయండి. తలలన్నీ కవర్ మీద ఒకే ఎత్తున నిలబడాలి. ఏదైనా ఎక్కువ లేచిందంటే, లేదా కుంగిందంటే, అది తప్పు చోట ఉన్నట్టే.

కవర్ రాకపోతే సందులో స్క్రూడ్రైవర్ పెట్టి తన్నకండి. ఆ ఒక్క గీతే చాలు, నూనెకు కాలువ తవ్వి ఇచ్చినట్టే. రబ్బరు సుత్తెతో చుట్టూ మెల్లగా కొట్టండి. వదులైపోతుంది. లోపల రెండు బోలు పిన్నులుంటాయి, డోవెల్ పిన్నులంటారు. అవి ట్రేలో పడిపోయాయేమో వెతకండి. అవి లేకుండా మూస్తే కవర్ వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది, కిక్ షాఫ్ట్ కవర్‌లోంచి బయటికొచ్చే చోట నూనెను ఆపే రబ్బరు సీలు ఒకవైపే అరుగుతుంది.

పాత ప్యాకింగ్ అంటుకుపోయి ఉంటుంది. గంటసేపు ఓపిక కావాల్సింది ఇక్కడే. కిరసనాయిలు తడిపి నాననిచ్చి, ప్లాస్టిక్ పలకతో గీకండి. ఎమిరీ కాగితంతో ఇంజన్ మీద రుద్దొద్దు, ఆ పొడి బేరింగుల్లోకి పోతుంది. గీకేముందు లోపలికి పడకుండా శుభ్రమైన గుడ్డ కప్పండి. బోల్టు రంధ్రాల్లో నిలిచిన నూనె కూడా తీయండి, నూనె నిండిన రంధ్రంలో బోల్టు బిగిస్తే ఆ ఒత్తిడికి కేసింగే పగలొచ్చు. చివర థిన్నర్‌తో తుడిచి వేలితో తడమండి. వేలు జారకుండా కిర్రుమనాలి. దగ్గర్లో పొయ్యి, సిగరెట్టు ఉండకూడదు.

ఇక కవర్ వంగిందో లేదో ఎట్ల తెలుస్తుంది? మన కరీంనగర్ గ్రానైట్ ఉంది కదా, టాన్ బ్రౌన్ రాయి. వంటగట్టు కోయగా మిగిలిన పాలిష్ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. మన పనికి సరిపోయేంత చదునుగా ఉంటుంది. కవర్ బోర్లించి, నాలుగు మూలలా వేలితో నొక్కండి. గిలకలాడితే వంగినట్టు. కవర్ ముఖం మీద మార్కర్‌తో అడ్డగీతలు గీసి, రాయి మీద పరిచిన సన్న ఎమిరీ కాగితంపై నాలుగుసార్లు గుండ్రంగా తిప్పండి. గీతలు ఎక్కడ చెరగలేదో అక్కడ పల్లం. కొంచెం పల్లమైతే అలాగే రుద్ది సరిచేయొచ్చు. తర్వాత కవర్‌ను సబ్బునీళ్లతో బాగా కడగాలి.

ప్యాకింగ్ కొత్తదే వేయండి. పాతది బాగున్నట్టు కనిపించినా, అది ఒకసారి నలిగి తన ఆకారం తీసుకుంది, ఇంకోసారి అట్లే నలగదు. కాగితం ప్యాకింగ్ ఉన్నచోట సిలికాన్ అక్కర్లేదు. ఎక్కడ కావాలంటే, కొన్ని హెడ్డు కవర్ రబ్బరుకు అర్ధచంద్రాకారం మూలలుంటాయి, కొన్ని ఇంజన్లలో మూడు ముక్కలు కలిసే చోట్లుంటాయి. అక్కడ గోధుమగింజంత చాలు. అసలు ప్యాకింగే లేకుండా సిలికాన్‌తోనే మూసే రకం ఇంజనైతే, సన్న దారంలా, బోల్టు రంధ్రాలకు లోపలివైపుగా, తెగకుండా పెట్టండి. అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది. పూర్తిగా గట్టిపడటానికి ఒకరోజు పడుతుంది. ఆ రాత్రే నూనె పోసి కిక్ కొట్టకండి.

ఆయిల్ సీలు దగ్గర నేను చూసిన పొరపాట్లు అన్నిటికంటే ఎక్కువ. సీలును చేతిలోకి తీసుకుని చూడండి. లోపలి అంచుకు పల్చటి పెదవి, దాని వెనక సన్నటి స్ప్రింగు. ఆ స్ప్రింగు కనపడే వైపు నూనెవైపుకు, అంటే లోపలికి ఉండాలి. తిరగేసి పెడితే నూనె పెదవిని ఎత్తుకుని బయటికొస్తుంది. పాత సీలు తీసేముందే ఎటువైపు ఉంది, ఎంత లోతున ఉందో చూసిపెట్టుకోండి. దాని మీద మూడు అంకెలుంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. షాపులో అవి చెప్పండి. కొత్తదాన్ని సుత్తెతో నేరుగా కొట్టొద్దు. సీలు బయటి అంచంత గుండ్రటి సాకెట్ దాని మీద ఆనించి, నాలుగు పక్కలా సమంగా దించండి. పెదవికి కొంచెం గ్రీజు. కిక్ షాఫ్ట్ పళ్లు కత్తిలా ఉంటాయి. వాటికి ఒక చుట్టు సెల్లోటేపు చుట్టి, కవర్ ఎక్కించాక లాగేయండి. టేపు లేకుండా తోస్తే కొత్త సీలు పెదవి మీద కంటికి కనపడని గాటు పడుతుంది. షాఫ్ట్‌ను గోటితో గీకి చూడండి. గోరు తట్టుకునేంత గాడి పడిందంటే సీలు ఎన్నిసార్లు మార్చినా కారుతుంది. లోపల చోటుంటే కొత్త సీలును ఒక మిల్లీమీటరు ముందో వెనకో కూర్చోబెడితే పెదవి కొత్తచోట ఆనుతుంది.

బిగించడం నడుమ నుంచి మొదలుపెట్టి, ఎదురెదురు బోల్టులు, రెండు మూడు విడతలుగా. నూనె దించే డ్రెయిన్ బోల్టుకు వాషర్ కొత్తది వేయండి, అది పదిరూపాయల వస్తువు.

ఇన్ని చేసినా రెండు మూడు చోట్ల ఒకేసారి చెమరుస్తుందంటే సీళ్లను అనుమానించకండి. బ్రీదర్ పైపు చూడండి. పిస్టన్ దిగినప్పుడల్లా కింద గాలి నలుగుతుంది, అది పోయే దారి ఆ పైపే. బురదతో మూసుకుపోయినా, బిగించేటప్పుడు మడతపడినా, ఆ ఒత్తిడి నూనెను సీళ్ల నుంచి తోస్తుంది. నూనె గుర్తు దాటి పోసినా ఇదే ఇబ్బంది.

లీకు కింద కనపడినంత మాత్రాన అక్కడిది అనుకోవద్దు, పైనుంచి జారి వస్తుంది. ఇంజన్ బయటంతా తుడిచి ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి. పావుగంట నడిపి దీపం పట్టి చూడండి. పౌడరు ఎక్కడ ముందు తడిసి నల్లబడిందో అక్కడే. ముగ్గుపిండి మాత్రం వాడొద్దు, అందులో ఇసుకరేణువులుంటే సీలు పెదవికి చేటు. తీసిన పాత నూనెను డబ్బాలో పోసి పాత నూనె కొనేవాళ్లకు ఇవ్వండి. కాలువలో పోయకండి, అవే నీళ్లు పొలాలకు పోతాయి.

ఇక్కడ బల్ల మీద గ్రానైట్ ముక్క ఉంది. పక్కన రెండు క్లచ్ కవర్లు పెట్టాను. ఒకటి చదునుగా ఉంది, ఇంకోటి వంగింది. చూపుకు రెండూ ఒక్కటే. ఒక్కొక్కరూ వచ్చి, రాయి మీద పెట్టి, మూలలు నొక్కి చూడండి. ఏది వంగిందో మీరే చెప్పాలి.