కాగితం లేని శిష్యరికం

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మేస్త్రిలకు, వెనక నిలబడిన పిల్లలకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను చేతిపనుల గొప్పతనం గురించి మాట్లాడమన్నారు. ఆ గొప్పతనం ఈ పూట ఒడిశాలోని మన రాయగడలో ఏ షెడ్డుకు వెళ్లినా కనబడుతుంది. పొద్దున్నే మిషన్లు తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశాం. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ కాబట్టి ఇనుమును తిప్పుతూ చెక్కే లేతు మిషను ఏదీ తిరగదు. ఆ లేతు పక్కన రోజంతా నిలబడే కుర్రవాడి సంగతి మాట్లాడదామని వచ్చాను.

నా ఎడమ కనుబొమ మీది మచ్చ మీలో చాలామంది చూసే ఉంటారు. దాని కథ ఎప్పుడూ సభలో చెప్పలేదు. 1979లో మా నాన్న నన్ను పార్వతీపురంలో రైలెక్కించి ఇక్కడికి తీసుకొచ్చాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. పదహారేళ్ల వాణ్ణి. ఒక షెడ్డు యజమానికి నన్ను అప్పగించి, "పని నేర్పించండి బాబూ, ఇంత తిండి పెట్టండి చాలు" అని చేతులు జోడించి వెళ్లిపోయాడు. నా ఒప్పందం అదే. ఆరు నెలలు ఇనుప రజను ఊడ్చాను, మేస్త్రిలకు టీలు తెచ్చాను. ఏడో నెలలో మా పెద్దమేస్త్రిగారు లేతు మీద చెయ్యి వెయ్యనిచ్చారు. ఆ సంతోషంలో ఇనుప ముక్కను పట్టి ఉంచే చక్కును బిగించిన తాళంచెవిని దాంట్లోనే వదిలేసి మోటారు వేశాను. ఆ తాళంచెవి ఎగిరొచ్చి ఇక్కడ తగిలింది. అంగుళం కిందికి తగిలితే కన్ను పోయేది.

పెద్దమేస్త్రిగారు తన కండువా నా తలకు చుట్టి రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. కుట్లకు, మందులకు ఆయనే డబ్బు పెట్టారు. యజమాని దగ్గరికి వెళ్లి అడిగితే, "వీడు మా మనిషి కాడు, ఏ పుస్తకంలోనూ వీడి పేరు లేదు" అన్నాడు. అది అబద్ధం కాదు. నిజంగానే లేదు. అప్రెంటిస్‌ల, అంటే పని నేర్చుకునే శిష్యుల, చట్టం 1961లోనే వచ్చింది. ఒప్పందం రాసి నమోదు చేయాలని, శిక్షణలో దెబ్బ తగిలితే పరిహారం యజమాని బాధ్యత అని అందులో ఉంది. నాకు కుట్లు పడేనాటికి ఆ చట్టానికి పద్దెనిమిదేళ్లు. మా షెడ్డులో దాని పేరు విన్నవాడు ఒక్కడూ లేడు.

ఇక నా తప్పు చెప్పాలి. నేను మేస్త్రినై, సొంత షెడ్డు పెట్టి, అదే పని చేశాను. నా దగ్గర ఒక కుర్రవాడు మూడేళ్లు పనిచేశాడు. షాఫ్టు తిప్పితే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఒక కంపెనీలో ఖాళీ ఉందని వెళ్తే అప్రెంటిస్ సర్టిఫికెట్ అడిగారు. నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "మేస్త్రిగారూ, ఒక కాగితం రాసివ్వండి" అన్నాడు. రాసిచ్చాను, షెడ్డు ముద్ర కూడా వేశాను. ఆ కాగితం అక్కడ చెల్లలేదు. మూడేళ్ల పని, నా సంతకం, ఏదీ లెక్కలోకి రాలేదు. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఈ రోజు నేను మాట్లాడుతున్నాను.

నిబంధనలు మారాయి, మేస్త్రిలూ, వినండి. 2019కి ముందు కనీసం ఆరుగురు పనివాళ్లుంటేనే అప్రెంటిస్‌ను పెట్టుకునే వీలుండేది. ఆ ఏడాది సెప్టెంబరులో దాన్ని నలుగురికి తగ్గించారు. ముప్పై మంది, అంతకు మించి ఉన్నచోట 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నెలకు కనీస భృతి చదువును బట్టి 5,000 నుంచి 9,000 రూపాయలు అయింది. అందులో నాలుగో వంతు, 1,500కు మించకుండా, ప్రభుత్వం భరించే పథకం 2016లోనే మొదలైంది. మునుపు మొత్తం మనం కట్టి, ప్రభుత్వ వాటా తిరిగి రావాలని ఎదురుచూసేవాళ్లం. చిన్న షెడ్డువాడు అన్నాళ్లు ఎక్కడ ఆగగలడు? 2023 ఆగస్టు నుంచి ఆ వాటా నేరుగా పిల్లవాడి బ్యాంకు ఖాతాలో పడుతోంది.

ఒక్క చోట మాత్రం నాకు బాధగా ఉంది. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్ మండలి ఈ భృతిని 6,800 నుంచి 12,300 దాకా పెంచమని సిఫారసు చేసింది. పెంచాలి, 5,000తో ఏ పిల్లవాడు గది అద్దె కట్టి తింటాడు? కానీ లెక్క చూడండి. 5,000లో ప్రభుత్వం 1,250 ఇస్తే మనకు పడేది 3,750. భృతి 6,800 అయ్యి, ప్రభుత్వ పరిమితి 1,500 దగ్గరే ఆగితే మనం 5,300 పెట్టాలి. పెద్ద కర్మాగారానికి ఆ తేడా లెక్కలోకి రాదు. నలుగురితో నడిచే షెడ్డుకు అది నెల కరెంటు బిల్లు. చిన్న షెడ్లకైనా పరిమితి పెంచమని మనం గట్టిగా అడగాలి. అడిగేవాళ్లు లేకనే మన సంగతి ఎవరికీ పట్టడం లేదు.

ముగ్గురే ఉన్న షెడ్డు సంగతేమిటని మీరు అడుగుతారు. నాదీ అదే పరిస్థితి. కొందరు యజమానులు కలిసి, నేరుగా గాని, అనుమతి ఉన్న సంస్థ ద్వారా గాని, శిక్షణ ఇవ్వవచ్చని చట్టంలో ఉంది. లేతు ఒకరి దగ్గర, వెల్డింగు ఒకరి దగ్గర, డీజిల్ ఇంజన్ ఒకరి దగ్గర నేర్చుకున్నవాడు మనలో ఎవరికన్నా మంచి మేస్త్రి అవుతాడు. మన మధ్య పోటీ ఉంది, నిజమే. గిరాకీ కోసం పోట్లాడుకుందాం, పిల్లల దగ్గర వద్దు.

అమ్మా, వెనక కూర్చున్న తల్లులకు ఒక మాట. మీ అబ్బాయిని మా దగ్గర చేర్చేటప్పుడు చేతులు జోడించకండి. ఒప్పందం కాగితం ఎక్కడ అని అడగండి. పద్దెనిమిది నిండనివాడైతే దాని మీద మీ సంతకమే ఉండాలి. మరొకటి, ఆంధ్రా నుంచి వచ్చిన మన ఇళ్లలో పేర్ల చిక్కు ఎక్కువ. బడిలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర, బ్యాంకులో పొడి అక్షరం. నిరుడు ఒక పిల్లవాడికి ఈ కారణంగానే ప్రభుత్వ డబ్బు నెలల తరబడి రాలేదు. వాడు చేతిపని మానేసి బస్సు క్లీనరుగా వెళ్లిపోయాడు.

వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి నా షెడ్డు తలుపు తీసి ఉంటుంది. మేస్త్రిలు తమ పనివాళ్ల లెక్క తీసుకుని రండి. పిల్లలు ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, చదివిన తరగతి కాగితం తెండి. ముందు ఆ మూడింటిలో పేరు ఒకేలా ఉందో లేదో చూద్దాం.