కొటేషన్‌లోకి కొరియర్ ధర నేరుగా రావాలంటే

[తెరపై: ఒక కొటేషన్. చెక్క గరిటెలు, గిన్నెలు, ఫోర్కులు వరసగా. చివర్లో ‘రవాణా: రూ. 450’. ఆ గడి చుట్టూ ఎర్ర గీత.]

నమస్కారమండీ. ఈ కొటేషన్‌లో సరకు ధరలన్నీ సరిగ్గా ఉన్నాయి. గరిటె ఎంత, గిన్నెల సెట్టు ఎంత, తగ్గింపు ఎంత, అన్నీ లెక్క కట్టి వేసినవే. ఆ 450 రూపాయలు మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు. పోయినసారి విజయవాడకు పంపినప్పుడు అంత అయిందని గుర్తుంది కాబట్టి వేశారు. ఈసారి సరకు వెళ్లేది గువాహటికి.

కొనేవారు సరేనన్నారంటే ఆ అంకెకు మనం కట్టుబడినట్టే. ఖర్చు మించితే తేడా మన లాభంలోంచి పోతుంది. అది తలచుకుని భయంతో పెంచి వేస్తే ఆర్డరే చేజారుతుంది. చేతివృత్తుల వస్తువుల్లో మిగిలేదే కొంచెం. ఆ కొంచెం ఇలా రవాణా గడిలో కరిగిపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. అందుకే ఈ వీడియో. సీఆర్ఎంలో, అంటే కొనేవారి వివరాలు, కొటేషన్లు నడిపే సాఫ్ట్‌వేర్‌లో, కొటేషన్ తయారవుతున్నప్పుడే కొరియర్ సంస్థ సర్వర్‌ను అడిగి, ఆ పూట ధర ఎంతో తెప్పించి, ఆ గడిలో పెట్టడం ఎలాగో చూద్దాం.

[తెరపై: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పటం. ఉదయగిరి, నెల్లూరు, ఒంగోలు, చీమకుర్తి దగ్గర చుక్కలు.]

రెండు సరకులు తీసుకుందాం. ఒకటి భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క సామాను. నర్ది, బిక్కి వంటి చెక్కలతో చేసే చెంచాలు, గరిటెలు, గిన్నెలు. రెండోది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి కదా, అదే. పెద్ద పలకలు కంటైనర్లలో ఓడరేవుకు వెళతాయి, వాటి లెక్క వేరు. కొనేవారికి ముందుగా పంపే నమూనా ముక్క మాత్రం కొరియర్‌లోనే వెళుతుంది. చెక్క తేలిక, రాయి బరువు. కొరియర్ బిల్లు దగ్గరికొచ్చేసరికి ఈ రెండూ రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. అదెందుకో తెలిస్తే ఈ పని సగం అయినట్టే.

[తెరపై: బల్ల మీద అట్టపెట్టె. టేపుతో పొడవు, వెడల్పు, ఎత్తు కొలుస్తున్న చేతులు.]

ఈ పెట్టె చూడండి. 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. లోపల గిన్నెలు, గరిటెలు, మధ్యలో కాగితం ఉండలు. తూకం వేస్తే 4.6 కిలోలు. అయితే కొరియర్ సంస్థ ఈ తూకం ఒక్కటే చూడదు. విమానంలో గానీ వ్యానులో గానీ పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తుంది. మూడు కొలతలనూ గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. దీన్ని వాల్యూమెట్రిక్ బరువు అంటారు. 45, 30, 30 గుణిస్తే 40,500. దాన్ని 5000తో భాగిస్తే 8.1 కిలోలు. అసలు తూకం, ఈ లెక్క, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. అర కిలో మెట్టుకు పెంచే సంస్థ అయితే బిల్లులో 8.5 అని పడుతుంది.

[తెరపై: 4.6 అంకె పక్కన 8.5.]

చేతిలో ఉన్నది నాలుగున్నర కిలోల చిల్లర, బిల్లు ఎనిమిదిన్నరకు. కాగితం ఉండలకూ గాలికీ కలిపి మనం డబ్బు కడుతున్నాం.

ఇప్పుడు అవే గిన్నెలను ఒకదానిలో ఒకటి అమర్చి, గరిటెలను ఒకటి తలవైపు, ఇంకొకటి కాడవైపు వచ్చేలా పేర్చితే 40, 30, 22 సెంటీమీటర్ల పెట్టెలో పట్టాయనుకుందాం. గుణిస్తే 26,400. భాగిస్తే 5.28. బిల్లు 5.5 కిలోలకు. సరకు అదే, కొరియర్ అదే, మూడు కిలోలు తగ్గాయి. సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లక ముందే చేయాల్సిన పని ఇది. ప్యాకింగ్ చేసేవారిని పక్కన కూర్చోబెట్టుకోకుండా సీఆర్ఎంలో కొలతలు నింపకండి.

రాయి సంగతి దీనికి తలకిందులు. 30, 30 సెంటీమీటర్లు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న నమూనా పలక ఒక్కటే ఐదు కిలోల పైన తూగుతుంది. థర్మోకోల్‌తో కలిపి 36, 36, 8 పెట్టెలో పెడితే వాల్యూమెట్రిక్ లెక్క రెండు కిలోలను కాస్త దాటుతుంది, అంతే. ఇక్కడ అసలు తూకానిదే పైచేయి. అందుకని కొరియర్ సర్వర్‌కు ఎప్పుడూ తూకమూ, మూడు కొలతలూ కలిపి పంపాలి. ఒకటి పంపి ఒకటి వదిలేస్తే వచ్చే ధర పనికిరాదు.

[తెరపై: సీఆర్ఎంలో కొటేషన్ పేజీ. ‘క్యారియర్’ అనే గడి తెరుచుకుంటుంది. ఫెడెక్స్, డీహెచ్ఎల్, బ్లూడార్ట్ పేర్లు.]

జోహో సీఆర్ఎం వాడేవారు కొటేషన్లలో ఈ గడి చూసే ఉంటారు. ఇందులో కొరియర్ పేరు ఎంచుకోవచ్చు. పేరు ఎంచుకున్నంత మాత్రాన ధర రాదు. ఎవరితో పంపుతున్నామో రాసుకోవడానికే అది. సేల్స్‌ఫోర్స్ అనే ఇంకో సీఆర్ఎం కొటేషన్‌లోనూ షిప్పింగ్, హ్యాండ్లింగ్ పేరుతో ఒక గడి ఉంటుంది. అందులో వేసిన అంకె మొత్తంలో కలుస్తుంది, అయితే వేయాల్సింది మనమే. అంటే ధర పెట్టే చోటు సిద్ధంగా ఉంది, ధర తెచ్చే దారి మనం వేసుకోవాలి.

ఆ దారి పేరు ఏపీఐ. మన సీఆర్ఎం ఒక ప్రశ్న పంపుతుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని పెట్టెలు, ఒక్కో పెట్టె తూకమెంత, కొలతలేమిటి. కొరియర్ సర్వర్ జవాబిస్తుంది. ఈ సర్వీసుకు ఇంత, చేరడానికి ఇన్ని రోజులు. ఫెడెక్స్ లాంటి సంస్థలతో నేరుగా ఖాతా తెరిచి ఇలా అడగవచ్చు. లేదా షిప్‌రాకెట్ లాంటి మధ్యవర్తి సంస్థ ద్వారా ఒకే ప్రశ్నతో పలు కొరియర్ల ధరలు తెప్పించుకోవచ్చు. నెలకు కొద్ది పార్సెళ్లే పంపే చిన్న వ్యాపారమైతే నేను రెండోదే మేలంటాను. ఒక్క ఏర్పాటుతో పని అయిపోతుంది.

[తెరపై: ఉత్పత్తి పేజీలో కొత్త గడులు ఒక్కొక్కటిగా చేరుతున్నాయి.]

ముందు ఉత్పత్తుల పేజీకి వెళ్లండి. ప్యాక్ చేసిన తర్వాతి తూకం, పొడవు, వెడల్పు, ఎత్తు, ఒక పెట్టెలో ఎన్ని పడతాయి. ఈ గడులు కొత్తగా చేర్చుకోండి. వస్తువు కొలత కాదు, పెట్టె కొలత కావాలి. గడి పేరులోనే ‘కిలోలు’, ‘సెం.మీ.’ అని రాసిపెట్టండి. మన దగ్గర సెంటీమీటర్లలో ఉన్న కొలతను అవతలి సర్వర్ అంగుళాలుగా చదివిందంటే ఘనపరిమాణం 16 రెట్లు దాటుతుంది. మన 8.1 కిలోల పెట్టె 130 కిలోలు దాటిపోతుంది. గ్రాములు, కిలోల దగ్గరా ఇదే ప్రమాదం.

తర్వాత పిన్‌కోడ్. కొనేవారి చిరునామాలో దీన్ని విడి గడిగా ఉంచండి. చిరునామా వాక్యంలో కలిసిపోయి ఉంటే ప్రోగ్రామ్‌కు దొరకదు. బిల్లు చిరునామా ఒకటి, సరకు దించే చిరునామా ఇంకొకటి అయితే సరకు దించే చోటి పిన్‌కోడే పంపాలి.

ఇక మన వైపు పిన్‌కోడ్. ఇక్కడ మన జిల్లా వాళ్లు కాస్త ఆగి ఆలోచించాలి. పనివారు ఉదయగిరిలో ఉంటారు. గోదాము నెల్లూరులో ఉండవచ్చు. ఉదయగిరి పిన్‌కోడ్ 524226, నెల్లూరు 524001. మధ్యలో దాదాపు వంద కిలోమీటర్లు. అన్ని కొరియర్లూ అన్ని ఊళ్లలో సరకు తీసుకోవు. కొన్ని తీసుకున్నా దూరపు ప్రాంతమని అదనంగా వేస్తాయి. కొరియర్ ఎక్కడ సరకు ఎత్తుతుందో ఆ పిన్‌కోడే ప్రశ్నలో ఉండాలి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు ఆర్టీసీ కార్గోలోనో, ఆటోలోనో తెచ్చే ఖర్చు కొరియర్ సర్వర్‌కు తెలియదు. పెట్టెకు ఇంత అని మీరే ఒక మొత్తం నిర్ణయించి, వచ్చిన ధరకు కలిపేలా పెట్టుకోండి.

[తెరపై: కొటేషన్ పేజీలో ‘కొరియర్ ధర తెప్పించు’ అనే బటన్. నొక్కగానే మూడు వరుసల పట్టిక.]

ఇప్పుడు బటన్. జోహోలో అయితే దాని సొంత ప్రోగ్రామింగ్ భాష డెల్యూజ్‌లో చిన్న ఫంక్షన్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాసి ఈ బటన్‌కు తగిలిస్తారు. రాయడం రాకపోతే రాసేవారికి ఈ వీడియో చూపించండి. కొటేషన్ సేవ్ చేసిన ప్రతిసారీ దానంతటదే ధర అడిగేలా పెట్టమని కొందరు కోరతారు. నేను వద్దంటాను. అక్షరం దిద్దినా ప్రశ్న వెళుతుంది, ఒప్పుకున్న అంకె కళ్లముందే మారిపోతుంది. మనిషి నొక్కినప్పుడే అడగాలి.

కొనేవారు ఫోన్‌లో ఉన్నారనుకోండి.

“అక్కా, పార్సెల్‌తో కలిపి ఎంతవుతుందో ఇప్పుడే చెప్పగలరా?”

“ఒక్క నిమిషం ఉండండమ్మా. మీ పిన్‌కోడ్ చెప్పండి.”

పిన్‌కోడ్ వేసి బటన్ నొక్కితే మూడు సర్వీసుల ధరలు, చేరే రోజులు వస్తాయి. “రెండు రోజుల్లో కావాలంటే ఇంత, వారం ఆగగలిగితే ఇంత” అని అక్క అక్కడికక్కడే చెప్పగలదు. ఎంచుకున్న వరుస కొటేషన్‌లోకి వెళుతుంది. ‘సాయంత్రం కనుక్కుని చెబుతాను’ అనే మాట లేకుండా బేరం కుదురుతుంది.

ఎంచుకున్న ధరతో పాటు కొరియర్ పేరు, సర్వీసు పేరు, ధర తెప్పించిన తేదీ, సమయం కూడా కొటేషన్‌లో నిలిచిపోవాలి. ఇంధన సర్‌ఛార్జీని కొన్ని సంస్థలు వారం వారం, కొన్ని నెల నెలా మారుస్తాయి. కొటేషన్‌కు నెల గడువిచ్చి, రవాణా ధరను కూడా నెలంతా మోయకండి. సరకు ధరకు నెల, రవాణా ధరకు ఏడు రోజులు అని విడిగా రాయండి. ఆర్డరుగా మార్చే ముందు గడువు దాటిందేమో చూసి బటన్ మళ్లీ నొక్కాలి.

[తెరపై: రవాణా గడిలో ‘0’. దాని మీద అడ్డంగా గీత.]

ఇది గట్టిగా చెబుతున్నాను. కొరియర్ సర్వర్ జవాబివ్వకపోతే ఆ గడిలో సున్నా పడకూడదు. సున్నా అంటే రవాణా ఉచితమని కొనేవారు చదువుకుంటారు, అలా చదువుకునే హక్కు వారికి ఉంది. ధర రాకపోతే గడి ఖాళీగా ఉండాలి, కొటేషన్ పంపే బటన్ పనిచేయకూడదు, ఎందుకు రాలేదో ఒక వాక్యం కనిపించాలి. ఆ పిన్‌కోడ్‌కు సర్వీసు లేకపోవచ్చు. పెట్టె కొలత నింపకపోయి ఉండవచ్చు. లేదా టోకెన్ గడువు తీరి ఉండవచ్చు. టోకెన్ అంటే కొరియర్ సర్వర్ మనకిచ్చే తాత్కాలిక ప్రవేశపత్రం. ఫెడెక్స్‌ది గంటకు తీరిపోతుంది, కాబట్టి ప్రోగ్రామ్ దాన్ని తనే మళ్లీ తెచ్చుకునేలా రాయాలి. మీ ఖాతా రహస్య కీలను ఫంక్షన్ మధ్యలో టైప్ చేసి పెట్టవద్దని రాసేవారికి చెప్పండి. వాటికి సీఆర్ఎంలో విడిగా భద్రమైన చోటు ఉంటుంది.

ఇంకొకటి. కొన్ని సంస్థలు రెండు ధరలు పంపుతాయి. ఒకటి అందరికీ ఉండే జాబితా ధర, రెండోది మీ ఖాతాకు ఒప్పుకున్న ధర. మీ ఖాతా నంబరు ప్రశ్నలో లేకపోతే రెండోది రాదు.

[తెరపై: కొటేషన్ అడుగు భాగం. సరకు, రవాణా, జీఎస్టీ, మొత్తం.]

జీఎస్టీ దగ్గర చాలామంది తడబడతారు. సరకుతో పాటు రవాణా కూడా మీరే ఏర్పాటు చేసి, ఒకే బిల్లులో వసూలు చేస్తే సాధారణంగా దాన్ని కలిపి చేసిన సరఫరాగా చూస్తారు. అప్పుడు రవాణా మొత్తానికి కూడా సరకుకు వర్తించే పన్ను రేటే పడుతుంది. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలోని 8వ సెక్షన్ ఈ సంగతి చెబుతుంది. కొరియర్ సంస్థ మీకు వేసే బిల్లులో పన్ను వేరే. దాన్ని మీరు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోగలిగితే, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోగలిగితే, పన్ను లేని కొరియర్ ధరనే కొటేషన్‌లోకి తేవాలి. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ క్రెడిట్ రాదు, కాబట్టి పన్నుతో కలిపిన ధర తీసుకోవాలి. ఏపీఐ పంపే అంకెలో పన్ను ఉందో లేదో ఒకసారి అసలు బిల్లుతో పోల్చి చూసుకోండి. మీ ఆడిటర్ గారితో ఈ ఒక్క సంగతి మాట్లాడాకే బటన్‌ను వాడకంలోకి తీసుకురండి.

గ్రానైట్ నమూనా విదేశానికి వెళితే సుంకం ఎవరు కట్టాలన్నది కూడా కొటేషన్‌లో రాయాలి. కొరియర్ పంపే రవాణా ధరలో అది కలిసి ఉంటుందని అనుకోవద్దు.

లారీ పార్సెల్ ఆఫీసుల మాట. పది, పదిహేను పెట్టెలు ఒకేసారి వెళుతుంటే కొరియర్ కంటే లారీయే గిట్టుబాటు. మీ ఊరి బుకింగ్ ఆఫీసుకు ఏపీఐ లేకపోతే కిలోకు ఇంత, డాకెట్‌కు, అంటే బుకింగ్ రసీదుకు, ఇంత, హమాలీ ఇంత అని వారి దగ్గర రాయించుకుని, ఊళ్లవారీగా ఒక పట్టిక సీఆర్ఎంలో పెట్టుకోండి. పట్టిక మీద తేదీ వేయండి. అదే బటన్ కొరియర్ ధరల కింద ఈ లారీ ధరను కూడా చూపిస్తుంది. ‘టూ పే’ పద్ధతిలో పంపితే రవాణా కొనేవారే కడతారు. అప్పుడు కూడా గడి ఖాళీగా వదలకుండా ‘రవాణా టూ పే, సరకు అందినప్పుడు మీరు చెల్లించాలి’ అని రాయండి. సరకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే పత్రం, కావాలి. దానికీ ఇవే పిన్‌కోడ్‌లు పనికొస్తాయి.

[తెరపై: పెట్టె పక్కన టేపు, తూకం యంత్రం మీద పెట్టె. రెండు ఫొటోలు ఆర్డరు పేజీకి చేరుతున్నాయి.]

సరకు వెళ్లాక కొరియర్ సంస్థ తన గోదాములో పెట్టెను మళ్లీ కొలుస్తుంది. వారి కొలత ఎక్కువ వస్తే తేడా బిల్లు మీకు వస్తుంది. అందుకని పెట్టెను అంటించే టేపుతో మూసిన తర్వాత మూడు వైపులా కొలత కనిపించేలా ఒక ఫొటో, తూకం అంకె కనిపించేలా ఒక ఫొటో తీసి ఆర్డరుకు జత చేయండి. అభ్యంతరం చెప్పడానికి కొద్ది రోజులే గడువిస్తారు, ఆ రోజుల్లో ఈ ఫొటోలే మీ సాక్ష్యం. వారి కొలతే సరైనదని తేలితే ఉత్పత్తి పేజీ తెరిచి ఆ పెట్టె కొలతను అదే రోజు దిద్దండి. తర్వాతి కొటేషన్‌కు ఆ కొలతే వెళుతుంది.