స్లో నిలవని బుల్లెట్: స్క్రూ ముట్టుకునే ముందు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, అదీ పాత బళ్ళ మీదే వచ్చారు. చాలా సంతోషంగా ఉంది. బయట బుల్లెట్లే ఎక్కువ ఉన్నాయి, రెండు యెజ్డీలు, ఒక ఆర్‌ఎక్స్ 100 కూడా చూశాను. మీరు వస్తుంటే గేటు దగ్గర నిలబడి ఒక సంగతి గమనించాను. బండి ఆపి, పక్కవాళ్ళతో మాట్లాడుతూ కూడా చాలామంది కుడిచెయ్యి ఎక్సలేటర్ మీద నుంచి తియ్యలేదు. తీస్తే బండి ఆగిపోతుందని. ఎక్సలేటర్ వదిలేసినా ఇంజను ఆగకుండా మెల్లగా కొట్టుకోవడాన్నే మనం స్లో అంటాం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ స్లో గురించి, ఆ చెయ్యి గురించే.

నా దగ్గరున్నది 1986 మోడల్ బుల్లెట్ 350. మాది నెల్లూరు దగ్గర పల్లె. నాన్నగారికి పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి మద్రాసు చేరాం. ఆయన కొన్న బండి అది. 1955లో ఇంగ్లండు రెడ్డిచ్ కంపెనీ, ఇక్కడి మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాక, మన తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారైన లక్షల బళ్ళలో అదొకటి. గాలి, పెట్రోలు కలిపి ఇంజనుకి అందించే దాని కార్బురేటర్ మిక్‌కార్బ్ వీఎమ్ 24. మీలో చాలామంది బళ్ళకున్నదీ అదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే పొగ నిబంధనలు వచ్చాక కొత్త బుల్లెట్‌కి కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. షెడ్లలో కొత్తగా పని నేర్చుకునే పిల్లలకి ఈ పని చూపించేవాళ్ళు తగ్గిపోతున్నారు. అందుకే బండి ఉన్నవాళ్ళమే నేర్చుకోవాలని నా పట్టుదల.

స్లో నిలవట్లేదనగానే అందరూ చేసే మొదటి పని స్క్రూడ్రైవర్ తియ్యడం. దయచేసి అది చివర్లో చెయ్యండి. ఎందుకో చెబుతాను.

మనం ఎక్సలేటర్ వదిలేసినప్పుడు కార్బురేటర్‌లో స్లైడ్, అంటే గాలి దారిలో పైకీ కిందికీ జరిగే మూత, దాదాపు మూసుకుపోతుంది. కింద సన్నని సందు మిగులుతుంది, అంతే. ఆ సందులోంచి వచ్చే గాలి చాలా తక్కువ. జెట్టు అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి ముక్క. వేగంలో పెట్రోలు ఇచ్చే మెయిన్ జెట్టుకి, నీడిల్‌కి అప్పుడు దాదాపు పనే లేదు. పైలట్ జెట్ ఒక్కటే పెట్రోలు ఇస్తుంది, దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇంజను బతకడానికి వచ్చేదే అంత కొంచెం గాలి, అంత కొంచెం పెట్రోలు. అలాంటప్పుడు ఎక్కడో చిన్న లీకు ఉన్నా, వాల్వు కొంచెం ఎత్తిపట్టినా, స్పార్క్ కొంచెం బలహీనమైనా, ఆ లోపం మొత్తం స్లోలోనే బయటపడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో అదే లోపం ఉన్నా మనకి తెలియదు. కాబట్టి స్లో నిలవకపోతే ఇంజనులో ఏ మూలైనా తప్పు ఉండవచ్చు, కార్బురేటర్‌లోనే ఉందనుకోకూడదు. స్క్రూ తిప్పితే ఆ తప్పు పైకి కనిపించకుండా పోతుంది, అంతేగాని లోపల అలాగే ఉంటుంది.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్పాలి. మూడేళ్ళ కిందట ఎండాకాలంలో నా బండి మొరాయించింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, పెట్రోలు ఎక్కువ ఇచ్చే చోక్ వదిలితే ఆగిపోయేది. పది కిలోమీటర్లు నడిచాక దానంతటదే రేసింగ్ అయ్యేది. మౌంట్ రోడ్డులో సిగ్నల్ దగ్గర ఎక్సలేటర్ వదిలితే స్పీడు వెంటనే దిగేది కాదు, పైనే వేలాడి మెల్లగా దిగేది. రేసింగ్ తగ్గిద్దామని స్లో స్క్రూ వదులు చేస్తే మర్నాడు పొద్దున అసలు నిలబడేది కాదు. ఇద్దరు మెకానిక్కుల దగ్గరికి తీసుకెళ్ళాను. జెట్లు, నీడిల్, ఫ్లోట్ వాల్వు అన్నీ మార్చారు. వారం బాగుండేది, మళ్ళీ మామూలే.

చివరికి ఇంట్లో ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే స్ప్రే బాటిల్ ఉంటుంది కదా, అది పట్టుకుని కూర్చున్నాను. ఇంజను స్లోలో ఉండగా కార్బురేటర్ ఇంజను హెడ్డుకి బిగించే చోట, ఆ ఫ్లాంజ్ చుట్టూ సన్నగా నీళ్ళు కొట్టాను. కొట్టగానే ఇంజను శబ్దం మారింది, స్పీడు పడిపోయింది. నీళ్ళు సందుని మూసినంతసేపే. ఆరగానే మళ్ళీ పైకి. అంటే అక్కడి నుంచి దొంగగాలి లోపలికి పోతోంది. కార్బురేటర్ విప్పి ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకి పట్టి చూస్తే, రెండు నట్టుల దగ్గర ఇంజను వైపుకి వంగి, మధ్యలో సందు కనబడింది. అసలు కారణం ఏమిటంటే, గాలి లీకవుతోందని అనుమానం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ నట్టులు ఇంకాస్త బిగించారు. అది మెత్తని లోహం. బిగించిన కొద్దీ చెవులు వంగాయి, వంగిన కొద్దీ లీకు పెరిగింది. బాగు చెయ్యబోయిన చేతులే దాన్ని పాడు చేశాయి.

ఒక మందపాటి అద్దం ముక్క మీద 400 నంబరు ఎమెరీ పేపరు పరిచి, ఫ్లాంజ్‌ని గుండ్రంగా రుద్దుతూ సమం చేశాను. గంట పట్టింది. కొత్త ఓ రింగ్, కొత్త ఫైబర్ స్పేసర్ వేసి, రెండు నట్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను. ఆ సాయంత్రం బండి స్టాండ్ వేసి చెయ్యి తీసేశాను. అలాగే కొట్టుకుంటూ ఉంది. అంతసేపు దాని పక్కన ఊరికే కూర్చుని విన్నది అదే మొదటిసారి.

ఒక జాగ్రత్త. ఈ పరీక్ష పెట్రోలుతోగానీ మండే స్ప్రేలతోగానీ వేడి ఇంజను మీద చెయ్యకండి. నీళ్ళు చాలు.

ఇక బండి చెప్పేది వినడం ఎలాగో చూద్దాం. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే లీన్ అంటాం, పెట్రోలు ఎక్కువైతే రిచ్ అంటాం. లీన్ లక్షణాలు ఇప్పుడు చెప్పిన నా కథలోనే ఉన్నాయి. వాటితోపాటు వాలు దిగుతూ ఎక్సలేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టప్ టప్ మంటుంది. రిచ్ అయితే తీరు వేరు. పొద్దున చోక్ లేకుండానే స్టార్ట్ అవుతుంది. వేడెక్కిన కొద్దీ బరువుగా, గొణుగుతున్నట్టు కొట్టుకుని మెల్లగా చచ్చిపోతుంది. ఒక్కసారి ఎక్సలేటర్ ఇస్తే గొంతు సవరించుకున్నట్టు సర్దుకుంటుంది. ప్లగ్గు నల్లగా మసిపట్టి ఉంటుంది. ఏదని తేలకపోతే ఒక చిన్న పని చెయ్యండి. వేడి ఇంజను స్లోలో ఉండగా చోక్ కాస్త ఎత్తండి. శబ్దం మెరుగైతే లీన్, ఇంకా పాడైతే రిచ్.

కార్బురేటర్ దాకా పోకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. హ్యాండిల్ ఇటు చివరి నుంచి అటు చివరికి తిప్పండి. స్పీడు మారితే ఎక్సలేటర్ కేబుల్‌కి లూజు లేదని అర్థం. వాల్వులని తెరిచే టాపెట్లు చల్లటి ఇంజను మీదే చూడాలి. పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు పుష్‌రాడ్ వేళ్ళతో సులువుగా తిరగాలి, కిందికీ పైకీ మాత్రం ఆడకూడదు. రాడ్ బిగుతుగా ఉంటే వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇక ఏ స్క్రూ తిప్పినా స్లో రాదు. స్పార్క్ ఎప్పుడు పడాలో నిర్ణయించే పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు.

పాయింట్ల ప్లేటు వెనకాల ఉండే, వేగం పెరిగే కొద్దీ స్పార్క్‌ని ముందుకి జరిపే ఆటో అడ్వాన్స్ యూనిట్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అందులో రెండు బరువులు, రెండు చిన్న స్ప్రింగులు ఉంటాయి. నలభై ఏళ్ళకి ఆ స్ప్రింగులు సాగిపోతాయి. అప్పుడు స్లోలోనే బరువులు తెరుచుకుని టైమింగ్ ముందుకి జరుగుతుంది. స్పీడు పెరుగుతుంది, పెరిగినందుకు ఇంకా ముందుకి జరుగుతుంది. అప్పుడూ అచ్చం గాలి లీకులాగే స్పీడు పైనే వేలాడుతుంది. రెండింటికీ తేడా చెప్పేది ఆ నీళ్ళ బాటిలే. నీళ్ళు కొట్టినా శబ్దం మారకపోతే పాయింట్ల వైపు వెళ్ళండి.

పెట్రోలు సంగతికి వస్తాను. ఇది మన ఊళ్ళో ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. కలిపినదానికి సుమారు 13.5. అంటే అంతే గాలికి ఎక్కువ పెట్రోలు కావాలి, కానీ మన జెట్టు 1986లో ఎంత ఇచ్చేదో ఇప్పుడూ అంతే ఇస్తుంది. కాబట్టి బండి లీన్ వైపుకి జరిగింది. పాత సెట్టింగు సరిపోవడం లేదని మీలో కొందరు అంటున్నది నిజమే. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మద్రాసు సముద్రపు గాలిలో నెల రోజులు కదలకుండా ఉన్న బండి ట్యాంకులో ఏమవుతుందో ఆలోచించండి. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. ఆ అడుగునుంచే మన పెట్రోలు ట్యాప్ తీసుకునేది.

అందుకే కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పినప్పుడు అందులోది పారబొయ్యకుండా ఒక గాజు గ్లాసులో పోసి చూడండి. అడుగున మసకగా పొరగానీ, నీటి బొట్లుగానీ, తుప్పు పొడిగానీ ఉంటే జబ్బు ట్యాంకులో ఉంది. 2015 డిసెంబరు వరదల్లో మునిగిన బళ్ళు ఎన్నో ఇలాగే ట్యాంకులో తుప్పుతో మిగిలాయి. వారం కంటే ఎక్కువ బండి తియ్యకపోతే ట్యాప్ కట్టేసి, గిన్నెలో పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. పైలట్ జెట్టు పూడుకుపోవడం చాలావరకు ఇక్కడే ఆగుతుంది.

పూడుకుపోయిన జెట్టుని ఇనుప తీగతో పొడవకండి. నా కళ్ళముందే ఒకరు సేఫ్టీ పిన్నుతో పొడిచి రంధ్రం పెద్దది చేశారు. ఆ తర్వాత ఆ బండి ఎప్పుడూ రిచ్చే. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టించండి. అప్పటికీ తెరుచుకోకపోతే నైలాన్ చేపల గాలపు దారంలో అన్నిటికంటే సన్నది వాడండి. కాశిమేడు దుకాణాల్లో ఎన్ని సన్నాలు కావాలంటే అన్ని దొరుకుతాయి. అది ఇత్తడిని గీయదు. జెట్టు ఒక్కటి శుభ్రం చేస్తే చాలదు, అది కూర్చునే గొట్టం, గాలి స్క్రూ దారి, స్లైడ్ కింద కనిపించే చిన్న రంధ్రాలు, అన్నిటిలోంచీ గాలి అవతలికి రావాలి. చోక్ ప్లంజర్ అడుగున రబ్బరు అరిగిపోతే పెట్రోలు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, అదీ చూడండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు చప్పుడైతే అది చిల్లిపడింది.

స్లైడ్ అరిగిపోయిన కార్బురేటర్ ఒక్కటే నిజంగా కష్టం. చేత్తో ఆడిస్తే టకటకమని కొట్టుకుంటుంటే దాని చుట్టూతా గాలి పోతోందన్నమాట. స్లైడ్ ఒక్కటి మార్చితే కొంత మేలు, బాడీ కూడా అరిగి ఉంటే కొత్తది కొనక తప్పదు. పుదుపేట పాత సామాన్ల దుకాణాల్లో పాతది వెతికితే అదీ అంతే అరిగి ఉండే అవకాశం ఎక్కువ.

ఇవన్నీ అయ్యాక ఇప్పుడు స్క్రూడ్రైవర్ తియ్యండి. ముందు పదిహేను నిమిషాలు బండి నడపండి, నిలబెట్టి వేడి చెయ్యడం కాదు. స్క్రూలు రెండు. ఒకటి స్లైడ్‌ని ఎత్తేది, అదే స్లో స్క్రూ. రెండోది గాలి స్క్రూ. అది ఏ వైపుంటే ఎలా పని చేస్తుందో తెలియక చాలామంది తికమక పడతారు. స్క్రూ స్లైడ్‌కి ఫిల్టరు వైపున ఉంటే అది గాలిని ఆపుతుంది, కాబట్టి లోపలికి తిప్పితే రిచ్. ఇంజను వైపున ఉంటే పెట్రోలుని ఆపుతుంది, లోపలికి తిప్పితే లీన్. యెజ్డీ, ఆర్‌ఎక్స్ ఉన్నవాళ్ళు కూడా ముందు ఇది చూసుకోండి.

తిప్పే ముందు, గాలి స్క్రూ ఇప్పుడు ఎన్ని చుట్లు బయటికి ఉందో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. ఇది మరిచిపోవద్దు. మెత్తగా లోపలికి ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తియ్యండి. గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది. ఇంజను స్టార్ట్ చేసి స్లో కాస్త ఎక్కువ పెట్టుకోండి. గాలి స్క్రూ పావు చుట్టు తిప్పి, పది సెకన్లు ఆగి వినండి. ఆగడం ముఖ్యం, ఇంజనుకి తేరుకోవడానికి టైమ్ కావాలి. స్పీడు ఎక్కడ అన్నిటికంటే ఎక్కువగా, నున్నగా ఉందో అక్కడ ఆపి, స్లో స్క్రూతో దించండి. మళ్ళీ ఒకసారి గాలి స్క్రూ చూడండి. స్క్రూ ఫిల్టరు వైపున్న బళ్ళలో, అర చుట్టు కంటే లోపలే బాగుంటే పైలట్ జెట్టు చిన్నదయింది, ఒక నంబరు పెద్దది వెయ్యండి. ఇథనాల్ పెట్రోలుతో నాకు అదే అవసరమైంది. మూడు చుట్లు తీసినా చాలకపోతే జెట్టు పెద్దది, లేదా ఎక్కడో పెట్రోలు కారుతోంది.

బెంగళూరు వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అది సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి సుమారు పదో వంతు పలచన. ఇక్కడ సరిగ్గా సెట్ చేసిన బండి కృష్ణగిరి దాటి హోసూరు చేరేసరికి కాస్త రిచ్ అవుతుంది. కంగారు పడి అక్కడెవరికో కార్బురేటర్ విప్పనివ్వకండి. ఫిల్టరు వైపు గాలి స్క్రూ అయితే పావు చుట్టు తీస్తే సరిపోతుంది, తిరిగొచ్చాక ఆ పావు చుట్టు మళ్ళీ వెయ్యండి.

ఇక నా మనసులో ఎంతోకాలంగా ఉన్నది చెబుతాను. డగ్... డగ్... అని లెక్కపెట్టేంత నెమ్మదిగా కొట్టుకుంటేనే బుల్లెట్ అని మనవాళ్ళు స్లో దించేస్తారు. ఆ శబ్దం నాకూ ఇష్టమే. కానీ ఆయిల్ పంపుని తిప్పేది ఆ ఇంజనే. అది ఎంత నెమ్మదిగా తిరిగితే పైన వాల్వులని నొక్కే రాకర్లకి, కింద కనెక్టింగ్ రాడ్ బేరింగైన బిగ్ ఎండ్‌కి ఆయిల్ అంత తక్కువ. హెడ్‌లైటు వేసి అలా నిలబెడితే అమ్మీటర్ ముల్లు మైనస్ వైపుకి పడిపోవడం మీరే చూస్తారు, బ్యాటరీ ఖాళీ అవుతోందని అర్థం. నిమిషానికి 900 నుంచి 1000 చుట్ల దగ్గర పెట్టండి. శబ్దం కాస్త హడావిడిగా ఉంటుంది, వారంలో చెవికి అలవాటవుతుంది. ఈ బళ్ళు ఇంకో నలభై ఏళ్ళు నడవాలని నా కోరిక, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాటలు చాలు. స్ప్రే బాటిల్, స్కేలు, చుట్లు రాసుకోవడానికి కాగితం తెచ్చాను. దూరం నుంచి వచ్చినవాళ్ళ ఇంజన్లు ఇంకా పూర్తిగా చల్లారి ఉండవు, వాటితో మొదలుపెడదాం. ఒక రౌండు తిప్పి తీసుకొచ్చి వేపచెట్టు కింద స్టాండ్ వెయ్యండి. చెయ్యి మాత్రం ఎక్సలేటర్ మీద నుంచి తీసేయండి, ఆగితే ఆగనివ్వండి. ఎలా ఆగుతుందో ముందు విందాం.