కొత్త తీగ కొనేముందు పియానో హ్యామర్ చూడండి

నమస్తే అండి, హనుమకొండ నుంచి. ముందు ఈ తీగ చూడండి, కెమెరాకు దగ్గరగా పెడుతున్నా. చివర్లో చిన్న వంపు ఉంది కదా, సరిగ్గా అక్కడే తెగింది. మా చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీస్ మధ్యలో టప్పుమంది, పిల్లలు ఉలిక్కిపడ్డారు. ఏడాదిలో ఇది నాలుగోది. పైగా పై స్వరాల్లో ఒకే వైరు కింద పిన్ను చుట్టూ తిరిగొచ్చి రెండు తీగల పని చేస్తుంది. అందుకే ఒకచోట తెగితే రెండూ పోతాయి.

ఈరోజు రివ్యూకి మూడు తెచ్చాను: జర్మన్ రోస్లావ్ వైరు చుట్ట, హ్యామర్ ఉన్నిని గుచ్చి మెత్తబరిచే మూడు సూదుల వాయిసింగ్ టూల్, చెక్కపుల్లకు సాండ్‌పేపర్ అంటించి నేనే చేసుకున్న ఆకురాయి.

వైరు సంగతి త్వరగా చెప్పేస్తా. బాగుంది. సైజులు 0.025 మిల్లీమీటర్ల తేడాతో వస్తాయి కాబట్టి స్కేలు పెట్టి చూస్తే తేలదు, మైక్రోమీటర్ కావాలి. కొత్త తీగ కొన్ని వారాలు సాగుతూనే ఉంటుంది, మళ్లీ మళ్లీ శ్రుతి చేయాలి. బిగించేటప్పుడు కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. ఒక్కో తీగ మీద 70, 80 కిలోల లాగుడు ఉంటుంది. ఎనుమాముల మార్కెట్లో రెండు మిర్చి బస్తాలు ఒకే తీగకు వేలాడదీసినట్టు అనుకోండి.

నేను మొదటి మూడుసార్లూ వైరే మార్చాను. తప్పు చేశాను. అసలు దొంగ హ్యామర్, అంటే మీట నొక్కితే వచ్చి తీగను కొట్టే ఉన్ని చుట్టిన చెక్క సుత్తి.

ఈ రెండు హ్యామర్లు పక్కపక్కన చూడండి. ఎడమది అట్టడుగు స్వరానిది, ఎవరూ పెద్దగా ముట్టరు. గోరుతో నొక్కితే కాస్త లోపలికి పోతోంది. కుడిది రోజూ దెబ్బలు తినేది. మూడు తీగల గాట్లు లోతుగా పడ్డాయి, మూతి చదునైపోయింది. గోరుతో కొడితే... విన్నారా? టక్కుమంటోంది. ఉన్ని మొద్దుబారి చెక్కలా అయింది. ఇది తగిలినప్పుడల్లా తీగ పైన ప్రెషర్ బార్ (తీగలను అదిమి పట్టే లోహపు పట్టీ) దగ్గర వంగి లేస్తుంది. ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచితే ఏమవుతుందో తెలిసిందే.

ఇక ఆకురాయి. గాట్లు పోయేదాకా పొరలు పొరలుగా తీయాలి, గుడ్డు ఆకారం చెడకుండా. తర్వాత సూదులు. తీగ తగిలే కొసమీద గుచ్చకండి, భుజాల వైపు గుచ్చాలి. తొందరపడి ఒక హ్యామర్‌ను నేను దూదిపింజ చేసేశాను. తీసేసిన ఉన్నిని మళ్లీ అంటించలేం. చేయి కుదరదనుకుంటే ట్యూనర్‌కే అప్పగించండి. టూల్‌కు నా మార్కులు 10కి 8. పిడి జారుతోంది, అదే లోటు.

ఇంకో సంగతి, దీనికి రూపాయి ఖర్చు లేదు. డ్రమ్స్, స్పీకర్ల మధ్య వాయించేవాళ్లకు తమ పియానో తమకే వినపడదు, అందుకే బలంగా బాదుతారు. మేము పియానో పైమూత తెరిచి, చర్చిలో ఉన్న మానిటర్ స్పీకర్‌ను వాయించేవారి వైపు తిప్పాం. చేతి బరువు ఆ ఆదివారమే తగ్గింది.

తెగిన చోటు పైన ట్యూనింగ్ పిన్ను (తీగను చుట్టి బిగించే మేకు) చుట్టలో ఉంటే మాత్రం హ్యామర్‌ను తిట్టకండి. అది తుప్పు పనో, శ్రుతి చేసినప్పుడు గుంజిన పనో. పాత తీగ శ్రుతిని నేరుగా పెంచకూడదు. ముందు కాస్త వదులు చేసి, తుప్పు పట్టు విడిపించి, అప్పుడు ఎక్కించాలి. మన దగ్గర మేలో ఎండ, జూలైలో చెమ్మ, అందుకే ఈ తుప్పు. వానాకాలంలో సౌండ్‌బోర్డు (తీగల మోతను పెంచే చెక్క పలక) ఉబ్బి శ్రుతి పైకి పోతుంది కూడా. ఆ తుప్పు మీద ఇంట్లో ఉన్న స్ప్రే నూనె కొడదామని ఒకాయన అన్నారు. వద్దు. అది పిన్నులు పట్టుకునే చెక్కలోకి ఇంకితే పిన్నులే నిలవవు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదట వచ్చేది పాత హ్యామర్, రెండోది ఆకురాయి, సూదులు పెట్టాక. రెండో దాంట్లో గరగర వస్తే అది మా సీలింగ్ ఫ్యాన్.