ప్రీఆంప్ కొనే ముందు కింద బండలు చూడండి

మరిది: నమస్కారం. మన పాడ్‌కాస్ట్‌లో కడప నుంచి మళ్ళీ మేమే, వదినా మరిదీ. ఈ రోజు విషయం మీలో చాలామంది అడుగుతున్నదే. ఇంట్లో రికార్డింగుకు మైకు కొన్నాక దానికి వేరే ప్రీఆంప్ కూడా కొనాలా, అక్కర్లేదా? కుక్కర్ కట్టేశారు కదా వదినా?

వదిన: కట్టేశాను. మూడో విజిల్ గొడవ మళ్ళీ ఎత్తకు.

మరిది: ఎత్తను. పులివెందుల నుంచి ఒకమ్మాయి వాయిస్ మెసేజ్ పంపింది. వాళ్ళ అవ్వ దంపుడు పాటలు పాడుతుందట. అవి పోకుండా దాచుకోవాలని ఎస్ఎం7బి మైకు కొనింది, మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్ కూడా ఉంది. గెయిన్, అంటే శబ్దం పెంచే నాబ్, మొత్తం తిప్పినా అవ్వ గొంతు సన్నగానే వస్తోందట, వెనకాల బుస్‌మని శబ్దం. షాపాయన వేరే ప్రీఆంప్ వేసుకోమన్నాడట.

వదిన: మైకు అవ్వకు ఎంత దూరంలో పెట్టిందంట?

మరిది: అది చెప్పలేదు.

వదిన: ముందు చెప్పాల్సింది అదే. సరే, ప్రీఆంప్ సంగతి చెప్పేస్తాను. మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని వోల్టు దాకా లేపే పని ప్రీఆంప్‌ది. ఇంటర్‌ఫేస్ కొన్న రోజే అది కూడా ఇంటికొచ్చేసింది. గెయిన్ నాబ్ తిప్పుతున్నావంటే నువ్వు తిప్పేది దాన్నే. యూఎస్‌బీ మైకైతే అది మైకు లోపలే ఉంటుంది. ఇక చూడాల్సింది ఒకటే, ఉన్నది ఈ మైకుకు చాలుతుందా లేదా.

మరిది: ఆ మైకుకు చాలదంటారు కదా అందరూ.

వదిన: అది కాస్త మొండి మైకు. 94 డెసిబెల్స్ శబ్దం వచ్చి తగిలితే అదిచ్చేది 1.12 మిల్లీవోల్టు. కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని తయారుచేసిన షూర్ కంపెనీ వాళ్ళే చెప్తారు. స్కార్లెట్ 2ఐ2 అనే ఇంటర్‌ఫేస్ ఉంది కదా, దాని మూడో తరంలో 56 దాకానే వస్తుంది. నాలుగో తరంలో 69 వస్తుంది. మొదటిదైతే కొంచెం ఇబ్బందే, రెండోదైతే ఇంకేం కొనక్కర్లేదు. ఆ అమ్మాయి దగ్గరున్నది ఏదో చూసుకోవాలి.

మరిది: మైకుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య పెట్టే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి చిన్న పెట్టె?

వదిన: మంచి వస్తువే. మైకు తీగలోనే ఇంటర్‌ఫేస్ పంపే 48 వోల్టుల కరెంటు, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు, అది తీసుకొని 25 డెసిబెల్స్ దాకా కలుపుతుంది. కానీ దాని కంటే ముందు బెత్తెడు దూరం సంగతి ఉంది.

మరిది: వచ్చింది బెత్తెడు.

వదిన: రాదా మరి! మూరకు రెండు జానలు, జానకు మూడు బెత్తెలు. దూరం సగం చేసిన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మూరెడు దూరంలో ఉన్న మైకును బెత్తెడుకు తెస్తే 15 డెసిబెల్స్ పైనే. పైసా ఖర్చు లేదు. పైగా పెట్టె అయితే గొంతుతో పాటు గది మోతను కూడా పెంచుతుంది. దగ్గరికి జరిగితే గొంతు పెరుగుతుంది, గది ఉన్నచోటే ఉంటుంది.

మరిది: గది అన్నారు కాబట్టి అడుగుతున్నా. పులివెందుల ఇల్లంటే కింద మన కడప బండలే ఉంటాయి కదా.

వదిన: ఉంటే ఆ రికార్డింగు గణగణలాడుతుంది. నునుపు చేసిన రాయి తన మీద పడిన మాటలో నూటికి రెండు వంతులు కూడా పీల్చుకోదు. మిగతాదంతా వెనక్కి కొడుతుంది. కింద బండ, పైన స్లాబు, నాలుగు వైపులా సిమెంటు గోడ. మధ్యలో అవ్వ. మా పుట్టింటి బేతంచర్ల బండైనా అంతే.

మరిది: మధ్యలో బేతంచర్ల ఎందుకొచ్చింది?

వదిన: బండ అంటే బేతంచర్లే కదా అబ్బీ.

మరిది: వదినా, ముంబయిలో, పుణెలో వంటింటి గట్టును ఏమంటారో తెలుసా? కడప్పా అంటారు. ఊరి పేరే రాయికి పేరైపోయింది. బేతంచర్లకు అలా ఎవరైనా పెట్టారా?

వదిన: ముంబయి వాళ్ళు పేరు పెడితే రాయి మీదైపోతుందా? నలుపొక్కటే చూసి మురిసిపోతారు మీరు. మా దగ్గర బూడిద రంగు, గంధం రంగు, పసుపు జీర, ఎన్ని రకాలు! మా పుట్టింట్లో వసారా బండలు నేను పుట్టకముందు వేసినవి. ఇప్పటికీ నీళ్ళు చల్లి తుడిస్తే ముఖం కనబడుతుంది.

మరిది: ఎర్రగుంట్ల పక్క గనుల్లో పొరలు చూశారా మీరు? పుస్తకంలో కాగితాల్లాగా లేస్తాయి. ఉలి పెట్టి కొడితే ఎంత మందం కావాలంటే అంత మందంలో పలక ఊడి వస్తుంది. భూగర్భ శాస్త్రం వాళ్ళు ఈ నేలనంతా కడప బేసిన్ అన్నారు. మీ బేతంచర్ల కూడా అందులోదే.

వదిన: బేసిన్ మీది, ఒప్పుకున్నా. అందులో ఈ బండలొచ్చే పొర పేరేంటి? నార్జి సున్నపురాయి. అది ఏ పొరల సముదాయంలోది?

మరిది: ...

వదిన: చెప్పు.

మరిది: కర్నూలు గ్రూపు.

వదిన: ఆఁ. మీ నల్ల బండ కూడా కర్నూలు గ్రూపుదే. ఇంక మాట్లాడొద్దు.

మరిది: 2022లో జిల్లాలు మారాక బేతంచర్ల నంద్యాలది అయింది. కర్నూలు ఎక్కడుంది ఇంక?

వదిన: జిల్లా మారితే పొర మారుతుందా? బెలుం గుహలు కూడా ఈ రాతిలోనే. పొడవు 3,229 మీటర్లు. నీళ్ళు తొలిచి తొలిచి చేసిన దారులు. చిన్నప్పుడు మా నాయన తీసుకుపోయేవాడు. సప్తస్వరాల గుహ 2006లో తెరిచారు, అది నేను పెళ్ళయ్యాకే చూశాను. రాతి మీద వేలి కణుపుతో కొడితే లోహం మోగినట్టు మోగుతుంది. ఒక్కో చోట ఒక్కో స్థాయి. అక్కడ నిలబడి ఒక్క మాట అను, ఎటు నుంచి వచ్చిందో నీకే తెలియదు. ఆ రాయే పలకలై మన నట్టింట్లోకి వచ్చింది. దాని గుణం అది వదులుకోదు.

మరిది: అది మాత్రం నిజం. అందుకే మా పాత చవుడు మిద్దెలో మాట వేరుగా ఉండేది. పైన దూలాలు, వాటి మీద కట్టెలు, ఆపైన మట్టి. గోడలు వంకర టింకర. మూలన కందిబేడల మూట, దండెం మీద చీరలు, మంచం మీద బొంతలు. పడిన మాట పడినచోటే ఉండేది.

వదిన: మీ అమ్మ పాట రికార్డు ఆ మిద్దెలో చేసి ఉంటే ఎంత బాగుండేది.

మరిది: అవును.

వదిన: ఉన్నది అదొక్కటే. కొత్తింట్లో, హాల్లో, ఫోన్లో. అత్త ‘సువ్వి’ అంటుంది, ఆ ‘వ్వి’ గోడకు తగిలి తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. మూడో చరణంలో ఏదో బావి పేరుంది. ఎన్నిసార్లు విన్నా నాకు అందలేదు.

మరిది: నేనూ విన్నాను. సాఫ్ట్‌వేర్లు వేసి చూశాను. గణగణ తగ్గుతుంది, దాంతో పాటు అమ్మ ఊపిరి కూడా పోతుంది. ఆ పేరు చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఇప్పుడు లేరు.

వదిన: అందుకే ఆ అమ్మాయి మెసేజ్ విన్నప్పటి నుంచి నాకు తొందరగా ఉంది. డబ్బు పెట్టెకు పెట్టి, గదిని అట్లే వదిలేస్తే రేపు వినేటప్పుడు గది వినబడుతుంది, అవ్వ వినబడదు. ఇల్లంతా ఏమీ చేయక్కర్లేదు. అవ్వ కూర్చునే చోట కింద జంపఖానా, దాని మీద పరుపు. అవ్వ వెనకాల దండెం కట్టి రెండు బొంతలు. మైకు చూసే వైపు అది కదా, అక్కడి నుంచి వచ్చే ప్రతిధ్వనే ఎక్కువ పట్టుకుంటుంది.

మరిది: ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. బెత్తెడు అంటారు మీరు. మనం పాడ్‌కాస్ట్ వాళ్ళం, మైకును మూతి దగ్గర పెట్టుకొని కూర్చుంటాం. ఎనభై ఏళ్ళ అవ్వ నోటి ముందు అంత లావు నల్ల మైకు పెడితే గొంతు లేస్తుందా? పైగా అవి దంపుడు పాటలు. చేతిలో రోకలి లేకపోయినా ఒళ్ళు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. బెత్తెడు కాస్తా ఒకసారి జానెడు, ఒకసారి ఏమీ లేదు.

వదిన: ...అది సరైన మాటే.

మరిది: బెత్తెడు నుంచి జానెడుకు పోతే ఎంత పోతుంది?

వదిన: తొమ్మిదిన్నర డెసిబెల్స్. పాట ఎత్తు పల్లాలుగా ఉంటుంది. లేదు, నువ్వన్నది సరైనదే. అవ్వను ఊగనివ్వాలి. ఊపు లేకపోతే ఆ పాట లేదు. అప్పుడు జానెడున్నర దూరం పెట్టక తప్పదు. ఆ దూరంలో, సన్నటి గొంతుకు, ఆ మైకుతో గెయిన్ చాలదు. అలాంటప్పుడు ఆ చిన్న పెట్టెకు న్యాయం ఉంది.

మరిది: అంటే షాపాయన చెప్పింది కరెక్టేనా?

వదిన: ఆ ఒక్క పరిస్థితికి. కానీ నేనైతే ఆ డబ్బుతో మామూలు కండెన్సర్ మైకు, అంటే లోపలే కరెంటుతో పనిచేసే సర్క్యూటున్న మైకు, కొంటాను. ఏటీ2020 తీసుకో, అదే శబ్దానికి 14 మిల్లీవోల్టులు ఇస్తుంది. పన్నెండింతలు. డెసిబెల్స్‌లో 22. పెట్టె చేసే పని దాదాపుగా మైకు లోపలి సర్క్యూటే చేసేస్తుంది, అదే 48 వోల్టులతో. జానెడున్నర దూరంలో అవ్వ హాయిగా ఊగుతూ పాడుకోవచ్చు.

మరిది: కండెన్సర్ అయితే వీధిలో కుక్కను కూడా పట్టుకుంటుందంటారు.

వదిన: రెండు మైకులనూ ఒకే దూరంలో పెట్టి, గొంతు ఒకే స్థాయికి తెచ్చి విను. కుక్క కొంచెం అటూ ఇటూగా అంతే ఉంటుంది. దూరంగా పెడతారు కాబట్టి ఆ పేరొచ్చింది. మళ్ళీ దూరమే.

మరిది: మళ్ళీ బెత్తెడే.

వదిన: బెత్తెడే. ఫ్యాను మాత్రం ఆపాల్సిందే. మే నెల కాకుండా చూసుకోమను, తెల్లవారుజామున పెట్టుకోమను. అవ్వకు గొంతు బాగుండే వేళ కూడా అదే.

మరిది: ఇంకోటి, ప్రొద్దుటూరు నుంచి ఒకాయన అడిగాడు, గెయిన్ ఎక్కడ ఆపాలని.

వదిన: గట్టిగా పాడినచోట రికార్డింగు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకొని, 24 బిట్‌లో రికార్డు చేస్తే చాలు. తక్కువైందని భయం వద్దు, తర్వాత పెంచుకోవచ్చు. సున్నా దాటి పగిలితే ఏమీ చేయలేం. ఆయన ఇంట్లో కింద ఏముందంట?

మరిది: కడప బండలే, ప్రొద్దుటూరు కదా. మంచి నల్లవి, ఫోటో పంపాడు. చూడండి ఆ మెరుపు. మీ పసుపు జీరలు దీని ముందు...

వదిన: ఏదీ చూపించు. ఇది నలుపా? ఇది బూడిద రంగు అబ్బీ. ఇది మా బేతంచర్లది.

మరిది: వదినా, ఆయన ప్రొద్దుటూరులో ఉంటే బేతంచర్ల నుంచి ఎందుకు తెప్పించుకుంటాడు?

వదిన: ఫోన్ చేసి అడుగు. ఇప్పుడే చెయ్యి. రికార్డింగు ఆపి చెయ్యి.