షర్టు ధర ఎంత? చైనా హైస్కూలు పిల్లల ఇంగ్లీషును పరీక్షించే తీరు

అందరికీ నమస్కారం. ఎండను లెక్కచేయకుండా ఇంత దూరం వచ్చిన ఇంగ్లీషు టీచర్లకు, వెనక బెంచీల్లో కూర్చున్న బి.ఎడ్. విద్యార్థులకు ప్రత్యేకంగా నమస్కారం.

ఏటా జూన్ 8న, మధ్యాహ్నం మూడింటికి చైనాలో ఇంగ్లీషు పరీక్ష మొదలవుతుంది. గావోకావో అని మీరంతా వినే ఉంటారు, అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష. 2024లో దానికి పేరు నమోదు చేసుకున్నవాళ్లు కోటి 34 లక్షల మంది. వీళ్లలో కొద్దిమంది ఇంగ్లీషు బదులు జపనీసో, రష్యనో రాస్తారు. మిగతా అందరిదీ ఇంగ్లీషే. పరీక్షా కేంద్రాల చుట్టుపక్కల హారన్ కొట్టడం నిషేధం. భవన నిర్మాణ పనులు ఆపేయిస్తారు. ఎందుకంటే చాలాచోట్ల ఆ పేపరు మొదటి ఇరవై నిమిషాలూ పిల్లలు చెవులు రిక్కించి వినాల్సిన సమయం. ఒక్క మాట చెవిన పడకపోతే ఒకటిన్నర మార్కు పోతుంది. అన్ని లక్షల మంది పోటీ పడే పరీక్షలో ఒకటిన్నర మార్కుకు వేల ర్యాంకులు తారుమారు కావచ్చు.

ఎక్కడో చైనాలో జరిగే పరీక్ష గురించి మనకెందుకు అనుకోకండి. పరీక్షను మార్చి, దాని ద్వారా పాఠం చెప్పే పద్ధతిని మార్చాలని వాళ్లు నలభై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. అందులో కొన్ని ఫలించాయి, కొన్ని ఎదురు తిరిగాయి. ఇక్కడ తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. అంటే మనమూ ఆ దారిలోనే అడుగు పెట్టాం. మన ముందు నడిచినవాళ్ల కాళ్లకు ఎక్కడ ముళ్లు గుచ్చుకున్నాయో తెలుసుకుంటే మంచిదే కదా.

ముందు పేపరు సంగతి క్లుప్తంగా చెప్తాను. మొత్తం 150 మార్కులు, రెండు గంటలు. ఇప్పుడు ఎక్కువ ప్రావిన్సుల్లో నడుస్తున్న నమూనాలో వినడానికి 30, చదివి అర్థం చేసుకోవడానికి 50, భాషా ప్రయోగానికి 30, రాయడానికి 40. ఆ భాషా ప్రయోగంలో సగం, అంటే 15 మార్కులు, సూటిగా వ్యాకరణానివి. నేను ఈ రోజు మాట్లాడేది ఆ 30 గురించీ, ఈ 15 గురించే.

వినే భాగంలో అసలు ప్రశ్నలకు ముందు ఒక ఉదాహరణ ప్రశ్న ఉంటుంది. ఏళ్ల తరబడి అదే ప్రశ్న. చైనాలో చదువుకున్న ఏ కుర్రాడిని అడిగినా నిద్రలో లేపినా చెప్తాడు. ఒక మగ గొంతు, ఆ షర్టు ఎంతో చెప్తారా అని అడుగుతుంది. ఆడ గొంతు, నైన్ ఫిఫ్టీన్ అంటుంది. పేపర్లో మూడు ధరలుంటాయి: 19.15 పౌండ్లు, 9.18 పౌండ్లు, 9.15 పౌండ్లు. జవాబు మూడోది, అదీ పేపర్లోనే అచ్చేసి ఉంటుంది.

ఈ చిన్న ప్రశ్నను కాస్త విప్పి చూద్దాం. తప్పు జవాబులు రెండూ ఊరికే పెట్టినవి కావు. మొదటిది నైన్‌కూ నైన్‌టీన్‌కూ తేడా పట్టలేని చెవి కోసం. రెండోది మొదటి అంకె విని తృప్తిపడి, రెండో అంకె దగ్గర ఏమరుపాటుగా ఉన్న చెవి కోసం. పైగా అమ్మాయి పౌండ్లు అన్న మాటే ఎత్తదు. నైన్ ఫిఫ్టీన్ అని ఊరుకుంటుంది. అదే జవాబు రైలు ఎన్నింటికని అడిగితే తొమ్మిదింపావు అవుతుంది. అది డబ్బు అని తెలియాలంటే ముందు అడిగిన ప్రశ్న అర్థం కావాలి. ఇంత చిన్న సంభాషణలో శబ్దాన్ని గుర్తుపట్టడం, సందర్భాన్ని పట్టుకోవడం, జ్ఞాపకం పెట్టుకోవడం మూడూ ఇమిడి ఉన్నాయి. ప్రశ్న తయారు చేసే ప్రతి టీచరూ ఇలా ఆలోచించాలి. తప్పు జవాబు కూడా ఒక కారణంతో పుట్టాలి. మన బిట్ పేపర్లలో నాలుగో ఆప్షన్ చాలాసార్లు ఖాళీ పూరించడానికే పుడుతోంది, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మొత్తం 20 ప్రశ్నలు. మొదటి అయిదూ చిన్న సంభాషణలు, ఒక్కసారే వినిపిస్తారు. విన్న తర్వాత జవాబు గుర్తించి తర్వాతి ప్రశ్న చదువుకోవడానికి పది సెకన్లు. మిగతా పదిహేనూ కాస్త పొడుగాటి సంభాషణల మీద, ఒకరే మాట్లాడే భాగాల మీద వస్తాయి. అవి రెండుసార్లు వినిపిస్తారు. వినడానికి ముందు ప్రతి ప్రశ్నకూ అయిదు సెకన్లు, విన్నాక అయిదు సెకన్లు. ఆ అయిదు సెకన్లు ఎలా వాడుకోవాలన్నదే చైనా క్లాసు రూముల్లో పెద్ద పాఠం. ముందు ప్రశ్నలు చూడు, ఏం వినబోతున్నావో ఊహించు, అప్పుడు విను. ఇది పరీక్ష కోసం నేర్పే చిట్కానే అయినా నేను తప్పుపట్టను. బస్టాండులో మైకు మోగగానే మనం మన ఊరి పేరు కోసమే చెవి పెడతాం. వెతుక్కుంటూ వినడం నిజమైన నైపుణ్యమే.

అయితే ఈ పరీక్ష కొలవలేనిది ఒకటుంది. మామూలు జీవితంలో వినబడకపోతే మళ్లీ చెప్పమంటాం. అర్థం కాకపోతే అవతలి మనిషి ముఖం చూస్తాం. పరీక్ష హాల్లో స్పీకరుకు ముఖం లేదు, ఎదురు ప్రశ్న వేసే వీలు లేదు. కాబట్టి 30కి 28 వచ్చిన పిల్లవాడు విదేశీయుడు ఎదురుపడగానే బిగుసుకుపోతే ఆశ్చర్యపడకూడదు. అతన్ని మనం అడిగిన పని అది కాదు.

చైనా పిల్లలకు చెవి దగ్గర వచ్చే ఇబ్బంది ఏమిటో చెప్పాలి. వాళ్ల ప్రామాణిక చైనీస్‌లో అక్షరం అచ్చుతోనో, ముక్కుతో పలికే న, ఙ ధ్వనులతోనో ముగుస్తుంది. అరుదుగా ర ధ్వని వస్తుంది. ఇంగ్లీషులో ఆస్క్‌డ్ అన్న మాట చివర మూడు హల్లులు గుద్దుకుంటాయి. ఆ చివరి ‘డ్’లోనే భూతకాలం ఉంది. అది చెవిన పడకపోతే ఎప్పుడు అడిగాడో తెలియదు. అలాగే బుక్స్ అన్నప్పుడు చివరి ‘స్’లో బహువచనం ఉంది. అంటే చెవి సమస్య కాస్తా వ్యాకరణ సమస్య అవుతుంది. చైనీస్ క్రియ కాలాన్ని బట్టి రూపం మారదు. నిన్న వెళ్లినా రేపు వెళ్లినా క్రియాపదం ఒకటే, మిగతాది పక్క మాటలు చూసుకుంటాయి. ఎ, ది లాంటివి వాళ్ల భాషలో లేవు. అతడు, ఆమె అనే సర్వనామాలు రాతలో వేరైనా పలకడంలో ఒకటే, అందుకే బాగా చదివిన పిల్లలు కూడా మాటల్లో హీని షీ చేసేస్తారు. మన పిల్లలకు భూతకాలం తెలుగులోనే ఉంది కాబట్టి ఆ భావం కొత్త కాదు. ఎ, ది దగ్గర మాత్రం మనమూ వాళ్లూ ఒకే పడవలో ఉన్నాం.

ఇక వ్యాకరణం. చాలా ఏళ్లు అక్కడా మన పద్ధతే ఉండేది. విడి వాక్యం, ఒక ఖాళీ, నాలుగు ఆప్షన్లు, పదిహేను ప్రశ్నలకు పదిహేను మార్కులు. పిల్లలు వేలకొద్దీ విడి వాక్యాలు బట్టీ పట్టారు. గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సు 2007లో దీన్ని మార్చింది. 2014 నుంచి జాతీయ పేపర్లలోకీ ఆ మార్పు వచ్చింది. ఇప్పుడు దాదాపు 200 మాటల పేరా ఒకటి ఇస్తారు. అందులో పది ఖాళీలు, ఒక్కోదానికి ఒకటిన్నర మార్కు. ఆప్షన్లు ఉండవు. కొన్ని ఖాళీల పక్కన మూలపదం ఇస్తారు, దాన్ని సరైన రూపంలోకి మార్చి రాయాలి. మిగతా వాటికి ఏ ఆధారమూ ఉండదు.

ఆ తరహాలో నేనొకటి అల్లి చెప్తాను. ఒక కుర్ర టీచరు 2012లో కొండల్లోని పల్లెకు వచ్చిన కథ అనుకోండి. ‘ఇన్ 2012, ఎ యంగ్ టీచర్’ అన్న తర్వాత ఖాళీ, పక్కన ‘కమ్’ అని ఇచ్చారు. సంవత్సరం చూసి కేమ్ అని రాయాలి. ఇది సులువు. రెండు వాక్యాల తర్వాత, ‘ది చిల్డ్రన్, మోస్ట్ ఆఫ్’ అని వచ్చి ఖాళీ, ఆ వెంటనే ‘హ్యాడ్ నెవర్ సీన్ ఎ మ్యాప్’. ఇక్కడ ఏ సాయమూ లేదు. దెమ్ అని రాయాలనిపిస్తుంది. కానీ కామా ముందు వాక్యం ఇంకా పూర్తి కాలేదని గమనించినవాడు హూమ్ అని రాస్తాడు. తర్వాత ‘దే వర్’ అన్నాక ఖాళీ, పక్కన ‘సర్‌ప్రైజ్’. పిల్లలు ఆశ్చర్యపోయారా, పిల్లలే ఆశ్చర్యం కలిగించారా? కథ చదివినవాడికే తెలుస్తుంది. నాలుగు ఆప్షన్లు చూసి గురిపెట్టడం వేరు, శూన్యంలోంచి ఒక మాట తెచ్చి, స్పెల్లింగుతో సహా సరిగ్గా రాయడం వేరు. నా దృష్టిలో నలభై ఏళ్లలో వాళ్లు చేసిన మార్పుల్లో అన్నిటికంటే మంచిది ఇదే. ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు, మన జిల్లా పరిషత్ హైస్కూల్లో రేపే మొదలుపెట్టవచ్చు.

ఈ మార్పుల వెనక పాత కథ ఉంది. సాంస్కృతిక విప్లవంలో ఆగిపోయిన గావోకావో 1977 చలికాలంలో తిరిగి మొదలైంది. పదేళ్ల ఎదురుచూపు కాబట్టి ఆ ఒక్క పరీక్షకే 57 లక్షల మంది కూర్చున్నారు. తర్వాత 1985లో, గ్వాంగ్‌ఝౌలోని విదేశీ భాషల విద్యాసంస్థకు చెందిన గుయ్ షిచున్, లి షియావోజు వంటి పండితుల చొరవతో గ్వాంగ్‌డాంగ్‌లో కొత్త తరహా ఇంగ్లీషు పరీక్షను ప్రయోగించారు. వాళ్ల ఉద్దేశం దాపరికం లేనిది: భాష గురించి తెలిసిందా అని కాదు, భాష వాడగలరా అని పరీక్షిస్తే, టీచర్లు వాడకమే నేర్పుతారు.

అలా జరిగిందా? లుషియా చీ అనే పరిశోధకురాలు ప్రశ్నపత్రం తయారు చేసేవాళ్లతో, టీచర్లతో, విద్యార్థులతో మాట్లాడి 2005లో తన ఫలితాలు ప్రచురించారు. పరీక్ష రూపకర్తలు ఆశించింది తరగతి గదుల్లో జరగలేదని ఆమె తేల్చారు. అదే పరీక్ష పిల్లల్ని వడగట్టడానికీ వాడుతున్నారు. వడగట్టే పరీక్ష ముందు కూర్చున్న టీచరు, పరీక్షలో వచ్చేదే, వచ్చే రూపంలోనే సాధన చేయిస్తాడు. టీచరును నిందించి లాభం లేదు. అతని పిల్లల భవిష్యత్తు ఆ మార్కుల మీదే ఉంది. పదో తరగతి ఫలితాల రోజున హెడ్‌మాస్టరు గదిలో నిలబడ్డ మనలో ఎవరికైనా ఆ ఒత్తిడి తెలుసు.

ఈ సాధన ఎంతవరకు పోతుందో చూడండి. హెబెయ్ ప్రావిన్సులోని హెంగ్‌షుయ్ పేరు మీద ఒక చేతిరాతే ఉంది. ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా, నిలువుగా, అచ్చుయంత్రం కొట్టినట్టు రాయడం. జవాబుపత్రాలను స్కాన్ చేసి కంప్యూటరు తెర మీద దిద్దుతారు కాబట్టి, దిద్దేవాడి కంటికి హాయిగా ఉండాలని పిల్లలు నెలల తరబడి ఆ అక్షరాలు దిద్దుతారు. ఆ పిల్లల శ్రద్ధ చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఆ శ్రద్ధలో సగం ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడటానికి దక్కి ఉంటే ఎంత బాగుండేదో అనీ అనిపిస్తుంది.

మాట్లాడటం అన్నాను కాబట్టి గ్వాంగ్‌డాంగ్ సంగతే మళ్లీ చెప్పాలి. అక్కడ 2011 నుంచి వినడం, మాట్లాడటం కలిపి కంప్యూటరు మీద పరీక్షిస్తున్నారు. మొదట ఒక వీడియో చూసి, ఆ గొంతును అనుసరిస్తూ చదవాలి. తర్వాత ఇంకో వీడియో చూసి మూడు ప్రశ్నలు ఇంగ్లీషులో అడగాలి, అయిదింటికి జవాబు చెప్పాలి. చివరికి ఒక కథ విని, తన మాటల్లో తిరిగి చెప్పాలి. ఇక్కడ విన్నదాన్ని ఏదో ఒకటి చేయాలి, గీత గీసి ఊరుకుంటే కుదరదు. బీజింగ్ కూడా 2021 గావోకావో నుంచి మాట్లాడటానికి 20 మార్కులు చేర్చి, వినడంతో కలిపి 50 చేసింది. ఈ పరీక్షలోనూ కథ చెప్పే మూసలు పుట్టుకొచ్చాయి, నిజమే. కానీ మూసతోనైనా సరే, ఆ పిల్లవాడు నోరు తెరిచాడు.

న్యాయం అనే మాట ఎత్తకుండా ఈ విషయం ముగించలేను. వినే పరీక్షకు మంచి స్పీకర్లు కావాలి, నిశ్శబ్దం కావాలి, చిన్నప్పటినుంచి ఇంగ్లీషు చెవిన పడి ఉండాలి. ఇవన్నీ పట్నం పిల్లలకు ఉంటాయి. అందుకే చైనాలోనే వెనకబడ్డ కొన్ని ప్రావిన్సులు చాలాకాలం వినే మార్కులను మొత్తంలో కలపలేదు. మిగతా 120 మార్కులను 150కి పెంచి లెక్కకట్టాయి. వినికిడి లోపం ఉన్న పిల్లలు ముందుగా దరఖాస్తు చేసుకుంటే ఈ భాగం నుంచి మినహాయింపు ఇచ్చి, ఇదే తీరులో లెక్క వేస్తారు. ఈ రెండో ఏర్పాటు మన ప్రాక్టికల్స్‌లోనూ నియమంగా ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

జెజియాంగ్ ప్రావిన్సులో 2018 నవంబరులో జరిగింది కూడా మనం తెలుసుకోవాలి. అక్కడ ఇంగ్లీషు ఏడాదికి రెండుసార్లు రాయొచ్చు, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. ఆసారి పేపరు కష్టంగా వచ్చిందని, ముందుగా చెప్పకుండా కొన్ని ప్రశ్నల మార్కులను ఫలితాల దగ్గర సర్దారు. తల్లిదండ్రులు భగ్గుమన్నారు. ప్రభుత్వం విచారణ జరిపి, ఆ సర్దుబాటు తప్పని తేల్చి, అసలు మార్కులే తిరిగి ఇచ్చింది. ప్రావిన్సు విద్యాశాఖ అధిపతి పదవి పోయింది. పేపరు కష్టమైతే పిల్లలు తట్టుకుంటారు. ఆట మొదలయ్యాక నియమాలు మారిస్తే తట్టుకోలేరు.

ఇక మన పని. మధ్యాహ్నం భోజనాల తర్వాత నాలుగు బృందాలుగా కూర్చుందాం. మీ సంచుల్లో తెచ్చుకున్న పోయిన ఏడాది పేపర్లు తీయండి. మీ వ్యాకరణ బిట్లలోంచి పది విడి వాక్యాలు ఏరుకోండి. వాటిని మీ ఊరి కథ ఒకదానిలోకి, 200 మాటలు మించకుండా, పది ఖాళీలుగా మార్చండి. నాలుగు ఖాళీలకు ఏ మూలపదమూ ఇవ్వకండి. ఒక బృందం మాత్రం వినే భాగం తీసుకోవాలి. ఫోనులో రికార్డు చేయండి, బృందంలో ఇద్దరి గొంతులు చాలు. ప్రతి తప్పు ఆప్షన్ పక్కనా అది ఏ చెవి కోసం పెట్టారో ఒక వాక్యం రాయండి. రాయలేకపోతే ఆ ఆప్షన్ కొట్టేయండి. మూడున్నరకు అందరి పేపర్లూ మార్చుకుని, మనమే పిల్లలమై రాసి చూద్దాం.