నల్లేరు పచ్చడిలో పనితనం

అందరికీ నమస్కారం. సులువైన పనిని నల్లేరు మీద బండి నడక అంటాం. నల్లేరు పచ్చడి మాత్రం అంత సులువుగా లొంగదు. ఈ పూట ఆ సంగతే చెబుతాను.

కంచెల మీద, డొంకల్లో నాలుగు పలకల పచ్చని కాడలు కణుపు కణుపుగా పాకడం మీరు చూసే ఉంటారు. జెముడులా కనిపించినా ఇది ద్రాక్ష కుటుంబంలోది. నులితీగలు చూస్తే బంధుత్వం తెలిసిపోతుంది. ఉన్న కాసిని ఆకులూ ఎండలు ముదిరితే రాలిపోతాయి. ఆపైన బతుకు భారమంతా కాడదే. ఆకులు బొగ్గుపులుసు వాయువును పగలు తీసుకుంటాయి. కాడ మాత్రం తన రంధ్రాలను రాత్రి చల్లబడ్డాకే తెరుస్తుంది. అందువల్ల ఒంట్లోని నీరు అంతగా ఆవిరైపోదు.

చిక్కల్లా దురదతోనే. కాడలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. చేతులకు, గొంతుకు అవే గుచ్చుకుంటాయి. కందతో, చామతో వేగిన మన ఆడవాళ్లకు దీన్ని లొంగదీయడం కొత్తేమీ కాదు.

ముదురు కాడ జోలికి వెళ్లకండి. తీగ కొసన గోరు దిగేంత లేతగా ఉన్నదే కోయాలి. చేతులకు నూనె రాసుకుని, కణుపులు కోసి పారేసి, అంచుల వెంట నార లాగేయాలి. సన్నగా తరిగి నువ్వుల నూనెలో, సన్నని సెగ మీద, పచ్చదనం పోయి ముక్క ముడుచుకునేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడ్డారా, గొంతు పట్టేస్తుంది! ఎండుమిర్చి, మినప్పప్పు, జీలకర్ర విడిగా వేయించి, వెల్లుల్లి చేర్చి రోట్లో నూరాలి. చింతపండు మామూలు పచ్చళ్లకన్నా కాస్త ఎక్కువే పడాలి. పులుపు దురదను అణుస్తుంది. చిన్న బెల్లం ముక్క నా అలవాటు. వద్దనేవాళ్లతో వాదించను. తమిళులు దీన్నే పిరండై అంటారు. తువైయల్ అనే పచ్చడి నూరుకుంటారు, అప్పడాల పిండిలోనూ దీని రసం కలుపుతారు.

ఆయుర్వేదంలో దీని పేరు అస్థిసంహారక. విరిగిన ఎముకలు అతకడానికి వాడేవారు. ఇప్పుడు మాత్రలుగానూ అమ్ముతున్నారు. వైద్యం సంగతి వైద్యులకే వదిలేద్దాం. నాకు ఇది అన్నంలో కలుపుకునే పచ్చడి, అంతే. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవాళ్లు మాత్రం ఆక్సలేట్ సంగతి గుర్తుంచుకుని, డాక్టరును అడిగాకే తినండి.

బయట బల్ల మీద నల్లేరు ముక్కలు పెట్టించాను. తలా ఒకటి తీసుకెళ్లండి. కోసిన చోటు ఆరాక, ఒక కణుపు మట్టిలోకి దిగేలా గుచ్చండి. రోజూ నీళ్లు పోసి కుళ్లబెట్టకండి.